నలభై రెండోది

కాగితం మీద నలభై ఒకటి అని రాసి సంతకం పెట్టాను.
మున్సిపాలిటీ కుర్రాడు నా ముఖం చూడలేదు, అంకె చూశాడు.
"తలుపులు మూసే ఉంచాలి, ట్రుడా గారూ.
కిటికీకి సన్నజాలి. పైన రేకు. నీళ్ళు లోపలే.
పిచ్చుక కూడా చొరబడకూడదు."

పక్కవాటా జెఫ్కా కోళ్ళు పదహారూ పోయినవారమే పోయాయి.
తెల్లబట్టలవాళ్ళు వచ్చారు, ముఖాలు లేనివాళ్ళు,
నీలం సంచులు తెచ్చారు.
ఆమె ఒక్కోదాన్నీ పేరు పెట్టి అప్పగించింది.
వాళ్ళు ఒకటి, రెండు అని అందుకున్నారు.
ఇప్పటికీ పొద్దున్నే గింజల డబ్బా ఊపుతుంది,
అలవాటు చావక.

పావురాలకి ఈ జబ్బు అంతగా అంటదంటారు డాక్టర్లు.
అంతగా అనే మాటలో ఎంత ఉందో
ఎవరూ కొలిచి చెప్పరు.

ఇరవై ఏడేళ్ళు సిలేసియా బొగ్గుగనిలో
దీపాల గది నాది.
దిగేవాడి చేతికి దీపం, నా మేకుకి వాడి ఇత్తడి బిళ్ళ.
ఎక్కి వచ్చాక దీపం నాకు, బిళ్ళ వాడికి.
ముఖాలు నాకు తెలియవు, మసి కింద అందరూ అన్నదమ్ములే.
అంకెలు తెలుసు.
షిఫ్టు ముగిశాక ఒక బిళ్ళ ఇంకా వేలాడుతుంటే
గదిలో ఎవరూ మాట్లాడేవాళ్ళు కాదు.
మూడువందల పద్దెనిమిది ఒకసారి రెండు రాత్రులు వేలాడింది.
మూడోరోజు తీయమన్నారు. తీశాను.
గోడ మీద గుండ్రటి తెల్లమచ్చ.

హనోవర్ దగ్గర బుట్టలు తెరిచిన రోజు సాయంత్రమే
వార్తల్లో ఉత్తర్వు చదివారు.
గాల్లో ఉన్నవాటికి రేడియో లేదు.
పద్నాలుగు పంపాను, పదమూడు చీకటిపడేలోగా దిగాయి.
గచ్చకాయ రంగుది, ఎడమ రెక్కలో ఒక్క తెల్ల ఈక ఉన్నది, రాలేదు.
డేగ అనుకున్నాను. కరెంటు తీగ అనుకున్నాను.
ఆఖరికి లెక్కలోంచి తీసేశాను.

తొమ్మిదో రోజు వాన వెలిసింది.
మూతపడిన గని టవరు చుట్టూ ఒక తిప్పు తిరిగి
మా ఎర్రకిటికీల మీదుగా వచ్చి
రేకు మీద వాలింది.
గోళ్ళ చప్పుడు. నాకు తెలిసిన చప్పుడు.
తలుపు వెతుక్కుంది.
ఎప్పుడూ తలుపుండే చోట జాలి ఉంది.
లోపల దాని జతగాడు గొంతు ఉబ్బించి
ఉన్నచోటే గిరగిరా తిరుగుతున్నాడు.

తెరిస్తే నలభై ఒకటి. తెరవకపోతే ఒకటి.
ఏ రేవులో నీళ్ళు తాగిందో,
ఏ బాతుల మధ్య నిద్రపోయిందో,
ఎవర్ని అడగను?
ఇంటికి రమ్మని నేర్పింది నేనే.
గుప్పెడు బఠానీలు, ఒకటే ఈల, ఆరేడు నెలలు.
వచ్చినందుకు తప్పుపట్టడానికి నోరెలా వస్తుంది?

గ్లవ్స్ తొడుక్కుని నిచ్చెన ఎక్కాను, డెబ్భై ఒకటో ఏట,
కింద జెఫ్కా పట్టుకుని తిడుతూ ఉంటే.
తనంతట తానే చేతిలోకి వచ్చింది.
ఎండుటాకంత బరువు. రొమ్ము ఎముక కత్తిలా తగిలింది.
బొగ్గుల నేలమాళిగలో, క్యాబేజీ బుట్టలో విడిగా పెట్టాను.
నీళ్ళలో చిటికెడు పంచదార.
గూటికి మూడంతస్తుల కింద.
చేరింది, కానీ చేరలేదు.

అప్పుడు ఫోన్ చేశాను, పశువైద్యుల ఆఫీసుకి.
పియానో మోగింది, చాలాసేపు.
"చెప్పేస్తావా?" అంది జెఫ్కా. నా వైపు చూడకుండా అంది.
"ఎన్ని?" అడిగింది అటువైపు గొంతు.
ఒకటి, అన్నాను.
కాలి ఉంగరం మీది అంకె చదివాను, నెమ్మదిగా,
మేకు నుంచి బిళ్ళ తీసి
ఎవరి అరచేతిలోనో పెడుతున్నట్టు.
"ఆగండి, రాసుకోనివ్వండి."
ఆగాను.
కింద నుంచి, ఇటుకల్లోంచి,
బఠానీ గింజ ఒకటి బుట్ట అడుగుకి తగిలింది.